మూడు పేర్ల కుక్క

కాలిపోయిన మోటారు ఎందుకు కాలిందో, దాన్ని తెచ్చినవాడు ఎప్పుడూ నిజం చెప్పడు. ముప్పయ్యేళ్లుగా మోటార్లకు రాగితీగ చుట్టి బతుకుతున్న వైండింగక్క ఈ ఒక్క మాట మీద ఎంత పందెమైనా కాసేది. “దానంతటదే ఆగిపోయిందక్కా, మేమేం చెయ్యలేదు” అంటూ మోటారును బల్ల మీద పెట్టి ఎటో చూస్తారు. ఆమె మూత విప్పి, లోపలి చుట్టను ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఒక్కసారి వాసన చూసేది. “నీళ్లు లేని బోరులో గంటకు పైగా తిప్పావు. ఇంతకుముందు కూడా ఇది ఒకసారి కాలింది. అప్పుడు ఎవరిచేత చుట్టించావో అది చెప్పు ముందు” అనేది. వచ్చినవాడు తల గోక్కునేవాడు.

మనుషుల విషయంలోనూ ఆమెది అదే పద్ధతి. కూరగాయలవాడు ఒక వంకాయ కొసరు వేస్తే, అడుగున పుచ్చువి ఎన్ని పెట్టాడోనని సంచి అక్కడే బోర్లించేది. చుట్టం ఫోన్ చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, వీడికేదో పని పడిందనుకునేది. వీధిలోవాళ్లు ఎదురుగా వైండింగక్క అనీ, వెనకాల అనుమానాల పుట్ట అనీ అనేవారు. ఆ రెండో పేరూ ఆమెకు తెలుసు. అది ఎవరు పెట్టి ఉంటారన్న దాని మీద కూడా ఆమెకు ఒక అనుమానం ఉంది.

ఆమె భర్త ఇందుకు పూర్తిగా తలకిందులు. కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఎవరేం చెప్పినా నమ్మే రకం. “నమ్మితే పోయేదేముందే?” అనేవాడు. “పోతే నమ్మినవాడిదే పోతుంది” అనేది ఆమె. పిల్లలు లేరు. ముందు గదిలో షాపు, వెనక రెండు గదులు, ఆ వెనక గోడ కట్టిన పెరడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె తీగ చుడుతుంటే, ఆయన పెరట్లో కుర్చీ ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి జరుపుకుంటూ కూర్చునేవాడు. అలా కూర్చోలేకే ఒకనాడు ఇంటికి కుక్కను రప్పించాడు.

దాన్ని కారులో తెచ్చి దింపింది ఒక ఇంజనీరు. పాల కేంద్రం దగ్గర పరిచయమట. గోధుమరంగు ఒళ్లు, నల్లటి మూతి, నిక్కబొడుచుకున్న చెవులు. పోలీసులు వాడే జాతి. కుక్కతోపాటు గొలుసు, గిన్నె, మేత సంచి, టీకాల పుస్తకం కూడా తెచ్చాడు. ఆడపిల్లను సారెతో అత్తారింట్లో దింపినట్టు అన్నీ వరసగా అరుగు మీద పెట్టాడు.

“రాజా దీని పేరు. బంగారం లాంటి కుక్కమ్మా. బదిలీ అయింది కాబట్టి గానీ, లేకపోతే ప్రాణం పోయినా ఇచ్చేవాణ్ని కాదు” అన్నాడు.

“ఎక్కడికండీ బదిలీ?” అని అడిగింది వైండింగక్క, చేతికంటిన వార్నీషు తుడుచుకుంటూ.

“ఆర్డరింకా రాలేదమ్మా.”

“ఆర్డరు రాకముందే కుక్కను పంపించేస్తున్నారా?”

ఇంజనీరు నవ్వాడు. నోరు నవ్విందిగానీ కళ్లు కారు వైపు చూస్తున్నాయి. భర్త కలగజేసుకుని, “నువ్వూరుకోవే. పాపం, మనసు రాయి చేసుకుని ఇస్తుంటే పోలీసు ఆరా ఏమిటి?” అన్నాడు. ఇంజనీరు టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆమె గమనించిందల్లా ఒక్కటే. రెండున్నరేళ్ల కుక్కను వదిలిపోతూ ఆ మనిషి దాని తల నిమరలేదు. కారు మలుపు తిరుగుతుంటే ఆ కుక్క అటు చూడనూ లేదు.

మొదటి రోజంతా అది ఒళ్లు తెలియకుండా పడుకుంది. భర్త మురిసిపోయాడు. ఆమె మాత్రం మోకాళ్ల మీద కూర్చుని, మెల్లగా దాని పెదవి ఎత్తి చూసింది. కోరపళ్లు వెనక వైపు అరిగి, ఆకురాయితో రుద్దినట్టు మెరుస్తున్నాయి.

“ఏమండీ, ఇవి ఎముక కొరికిన పళ్లు కావు. ఇనుము కొరికిన పళ్లు. దీన్ని చాలాకాలం బోనులో పెట్టారు.”

“కుక్క నోట్లో కూడా కాలిన తీగచుట్టలు వెతుకుతున్నావా?”

“ఇంకో సంగతి. రాజా అని పిలవండి.”

ఆయన పిలిచాడు. పెదవి ఎత్తినప్పుడే కుక్క మేలుకుంది. చెవి కూడా కదల్చలేదు.

“అలిసిపోయింది” అన్నాడాయన.

“ఏం పని చేసి?” అంది ఆమె.

రెండు వారాలు వేలెత్తి చూపడానికి ఏమీ దొరకలేదు. పెట్టింది తినేది. మొరిగేది కాదు. షాపుకు వచ్చినవాళ్లను ఒకసారి వాసన చూసి పక్కకు పోయేది. భర్త ప్రతి సాయంత్రం, “ఏదీ నీ అనుమానం?” అని దెప్పేవాడు. కొత్త మోటారు కూడా మొదటి పదిహేను రోజులు చప్పుడు లేకుండానే తిరుగుతుందని ఆమె జవాబు.

మూడో వారంలో దానికి ఇల్లు అలవాటైంది. అసలు స్వరూపం అప్పుడు బయటపడింది. ముందు పెరట్లో గోడ వెంబడి తిరగడం మొదలుపెట్టింది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా అదే చుట్టు. పది రోజుల్లో గడ్డి పోయి నేల మీద గానుగెద్దు బాట పడింది. కుళాయి కింద పడే చుక్కలను గంటల తరబడి నోటితో పట్టేది. భర్త చీపురు పట్టుకుంటే ఇంకో చివర అది పట్టుకుని వేలాడేది, వదలమంటే వదిలేది కాదు. తలుపు గడియ మూతితో ఎత్తడం రెండు రోజుల్లో నేర్చుకుంది. తాళం వేస్తే తలుపు అడుగు చెక్క తినేసింది. వీధిలో సైకిలు గంట వినిపిస్తే చాలు, ఒళ్లంతా వణికేది. భయంతో వచ్చే వణుకు కాదది.

దానికి నడక చాలడం లేదని ఎవరో చెబితే ఆయన పొద్దున గంట, సాయంత్రం గంట తిప్పాడు. తర్వాత రెండేసి గంటలు చేశాడు. నెల తిరిగేసరికి ఆయన నాలుగు కిలోలు తగ్గాడు. కుక్కకు మాత్రం కండ పట్టింది.

“మీరు దాన్ని తిప్పుతున్నారా, అది మిమ్మల్ని తిప్పుతోందా?” అంది ఆమె.

“ఎంత తిప్పితే అంత బలం వస్తోందే దీనికి. నేనే మేపి, నేనే సాము నేర్పుతున్నట్టుంది” అని ఆయన మొదటిసారి నిజం ఒప్పుకున్నాడు.

జరగాల్సింది ఒక మంగళవారం ఉదయం పదకొండింటికి జరిగింది. కొరియరతను పార్శిలు తెచ్చి, కుక్కను చూసి భయపడి, పార్శిలును తలకు పైగా ఎత్తి గేటు మీదుగా అందించబోయాడు. షాపులో ఉన్న వైండింగక్క కళ్లారా చూసింది. కుక్క మొరగలేదు, గుర్రుమనలేదు. మనిషెత్తు లేచి అతని ముంజేయి పట్టుకుంది. భర్త అరిచాడు, ఆమె అరిచింది, కొరియరతను అందరికంటే గట్టిగా అరిచాడు. అది వదల్లేదు. ఎప్పుడైతే అతని చేతిలోంచి పార్శిలు జారి కింద పడిందో, ఆ క్షణమే చెయ్యి వదిలేసి, పార్శిలు ముందు కూర్చుని, అతని మొహంలోకి తోక ఊపుతూ చూసింది. పని పూర్తి చేసి శెభాష్ అనిపించుకోవడానికి ఎదురుచూస్తున్నట్టుగా ఉంది దాని వాలకం.

కోపంతో కరిచిన కుక్కను చూస్తే ఆమెకు అంత భయం వేసేది కాదు.

కొరియరతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లి, ఇంజెక్షన్లు వేయించి, చేతికి కట్టు కట్టించి, ఇంటి దాకా దింపి వచ్చారు. అతని భార్య గుమ్మంలో నిలబడి, “ఇంకాస్త పైకి అందితే గొంతేగా?” అంది. వీధిలోనూ అదే మాట. ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టారు గేటుకు నాలుగడుగుల దూరంలో నిలబడి, “మేం కాబట్టి ఊరుకుంటున్నాం. రేపు ఏ పిల్లనో పట్టుకుంటే?” అన్నాడు. ఆమెకు ఆయనతో పదేళ్లుగా పడదు. అయినా ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?

ఇంజనీరుకు ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. ఆమె టీకాల పుస్తకం తీసి కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూసింది. మొదటి కాగితం లేదు. చించిన అంచు మాత్రం దారానికి వేలాడుతోంది. రెండో పేజీలో రాజా అన్న పేరు కింద ఏదో గీకేసిన జాడ ఉంది. మూలన ఒక పశువుల డాక్టరు ముద్ర. చిరునామా ఊరికి ఆ చివర.

కుక్క మూతికి చిక్కం కట్టి, ఆటోవాణ్ని బతిమాలి ఇద్దరూ అక్కడికి వెళ్లారు. డాక్టరు తల ఎత్తి, మనుషులనింకా చూడకుండానే కుక్కను చూశాడు.

“వచ్చావా మళ్లీ?” అన్నాడు.

వైండింగక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. “మళ్లీ అంటే ఎన్నోసారండీ?”

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇది నా దగ్గరికి మూడు పేర్లతో వచ్చిందమ్మా. మొదట్లో బుల్లెట్. కాపలా మనుషుల్ని పంపే ఒక కంపెనీ వాళ్లు పెంచారు. చేతికి గోనెపట్ట చుట్టుకుని పరిగెత్తేవాణ్ని, చేతిలోది పడేసేదాకా పట్టుకోవడం నేర్పారు. ఆ కంపెనీ మూసేశాక ఒక బట్టల షాపాయన తీసుకున్నాడు. టోనీ అని పేరు పెట్టి, మేడ మీద బోనులో ఉంచాడు. ఒక పనివాణ్ని పట్టుకుంది. అప్పుడు ఆయన తన భార్యకు తుమ్ములొస్తున్నాయని చెప్పి మీ ఇంజనీరుకు ఇచ్చాడు. అక్కడ రాజా అయింది.”

ఆమె నేల మీది కుక్క వైపు తిరిగి, మెల్లగా, “బుల్లెట్” అంది. అది ఒక్క ఉదుటున లేచి, చెవులు రెండూ నిక్కబొడిచి ఆమెనే చూసింది. అంత సూటిగా అది ఆమెను చూడటం అదే మొదలు.

“ఇంజనీరింట్లో ఎవర్ని కరిచింది?” అని అడిగింది.

“వాళ్ల మామగారిని. ఎనిమిది కుట్లు. ఆ సాయంత్రమే వచ్చి, ఒక ఇంజెక్షన్ వేసి శాశ్వతంగా నిద్రపుచ్చెయ్యమన్నాడు. నాకు చెయ్యి రాలేదు. పది రోజులాగి ఆలోచించుకోమన్నాను. పదకొండో రోజుకు మీ ఇంటికి చేర్చినట్టున్నాడు.”

“ఇదంతా తెలిసి మాకెందుకు చెప్పలేదు?”

“ఎవరడిగారమ్మా? తీసుకున్నవాళ్లలో వచ్చి అడిగింది మీరొక్కరే.” డాక్టరు కుక్క వైపు చూస్తూ అన్నాడు. “ఇది చెడ్డ కుక్క కాదు. అలాగని మంచి కుక్కంటే నేనే అబద్ధమాడినట్టు. రోజంతా పని చెప్పినా ఇంకేమైనా ఉందా అనే జాతి ఇది. పని చెప్పకపోతే తనే ఏదో ఒకటి వెతుక్కుంటుంది. అది మనకు నచ్చే పనే అయి ఉండాలని లేదు. దీనికి తోడు ఇల్లు మారినప్పుడల్లా ఒక అబద్ధం దీని వెంట వెళ్లింది. కొత్తవాళ్లకు దేన్నుంచి జాగ్రత్తపడాలో తెలియదు. ఇంకొకర్ని కరిచిందంటే మాత్రం ఆ ఇంజెక్షన్ నేను కూడా కాదనలేను.”

ఇంటికొచ్చాక భర్త అన్నాడు. “మనిద్దరికీ చేతకాదే. ఎవరికైనా ఇచ్చేద్దాం.”

“ఏమని చెప్పి ఇస్తారు?”

“మాకు వయసైపోయిందని చెబుదాం. అదేం అబద్ధం కాదుగా?”

ఆమె అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనం తర్వాత చాలా రోజులు ఆమెను పొడిచింది. ఆయన ఫోటో తీసి, తెలిసినవాళ్లందరి ఫోన్లకూ పంపాడు. ఆరోగ్యవంతమైన కుక్క, మంచి ఇల్లు కావలెను, వయసు రీత్యా ఇస్తున్నాము.

మొదట వచ్చినవాడు ఒక వ్యాను వేసుకొచ్చాడు. తోటకు కాపలా కావాలన్నాడు. తోట ఎక్కడంటే చెయ్యి గాల్లో అటు తిప్పాడు. కుక్క ఏం తింటుందో అడగలేదు, దాని వయసెంతో అడగలేదు. “పట్టుకుంటే వదుల్తుందా?” అనడిగాడు.

“వదలదు” అంది ఆమె, అతని మొహం చూద్దామని.

మొహం వెలిగింది. “అలాంటిదే కావాలి.”

ఆమె మంచినీళ్లు తెచ్చే నెపంతో వ్యాను వెనక నుంచి నడిచి వచ్చింది. లోపల ఇనుప బోను ఉంది. దాని ఊచలకు నల్లవి, తెల్లవి, ఎర్రవి, రకరకాల వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. అడుగున ఎండిన మరకలు. అతని చేతుల మీద పాత గాట్లు. అతను తెచ్చింది గొలుసు కాదు, ఉచ్చు ముడి వేసిన తాడు. వీడు కుక్కల పోట్లాట పందేలవాడని ఆమెకు అర్థమైంది.

“దీన్ని మొన్నే ఇంకొకరికి ఇస్తామని మాటిచ్చామండీ. ఆయనకు చెప్పడం మర్చిపోయాను” అని భర్త వైపు చూపించింది. భర్త తెల్లబోయినా తల ఊపాడు. రెండు రోజుల తర్వాత ఆమె బజారుకు వెళ్లిన సమయం చూసి అదే వ్యాను మళ్లీ వచ్చింది. “అమ్మగారు ఒప్పుకున్నారు, తీసుకెళ్లమన్నారు” అన్నాడట. జన్మలో ఎవర్నీ అనుమానించని ఆ మనిషి, “అయితే ఆవిడొచ్చాకే తీసుకెళ్లు” అన్నాడు. ఆమె ఇంటికొచ్చి ఈ సంగతి విని, కట్టుకున్నందుకు ఇన్నాళ్లకు ఒక పని చేశారంది. కానీ ఆ వారమంతా వీధిలో ఏ బండి ఆగినా కిటికీ తెర పక్కకు జరిపి చూస్తూనే ఉంది. పెరటి తలుపుకు ఇంకో తాళం వేసింది.

ఆ బెదురుతోనే రెండోసారి వచ్చినవాళ్లు ఆమెకు దేవుడు పంపినట్టు కనిపించారు. కొత్తగా పెళ్లయిన జంట. అబ్బాయి ఏదో ఆఫీసులో పని చేస్తాడు, అమ్మాయి స్కూల్లో టీచరు. వాళ్లు వస్తారని ఆ ఉదయం భర్త ఐదింటికే లేచి, కుక్కను చెరువుగట్టు దాకా రెండుసార్లు పరిగెత్తించి తెచ్చాడు. వాళ్లొచ్చేసరికి అది అరుగు మీద నాలుగు కాళ్లూ చాపి, గొర్రెపిల్లలా పడి ఉంది.

అమ్మాయి దాని పక్కనే కూర్చుని చెవులు నిమిరింది. “ఎంత నెమ్మదండీ! మా ఆయన పోలీసు కుక్కంటే భయపడ్డారు.”

వైండింగక్క ఆ నిద్రపోతున్న కుక్కను చూసింది. మొదటి రోజు తన ఇంట్లో ఒళ్లు తెలియకుండా పడుకున్న కుక్క గుర్తొచ్చింది. ఏం పని చేసి అలిసిపోయిందని తను అడిగింది. జవాబు ఇప్పుడు దొరికింది. ఇంజనీరు కూడా ఆ తెల్లవారుజామున ఏదో గట్టు మీద దీన్ని పరిగెత్తించే ఉంటాడు. పక్కన అతని భార్య నిలబడి, ఏమీ అనకుండా చూస్తూ ఉండి ఉంటుంది.

“వయసు వల్ల ఇచ్చేస్తున్నారటగా ఆంటీ? మీలాంటి పెద్దవాళ్ల దగ్గర పెరిగిందంటే మాకు ధైర్యం. ఇంకో ఐదు నెలల్లో మా ఇంట్లోకి బుజ్జిది కూడా వస్తుంది. రెండూ కలిసి పెరుగుతాయి” అంటూ ఆ అమ్మాయి సిగ్గుపడుతూ కొంగు సర్దుకుంది.

గొలుసు అప్పటికే భర్త చేతిలోంచి ఆ అబ్బాయి చేతిలోకి వెళ్లింది. వైండింగక్క లేచి వెళ్లి దాన్ని వెనక్కి తీసుకుంది.

“వయసు వల్ల కాదమ్మా. నెల కిందట ఇదే గేటు దగ్గర ఒక మనిషి చెయ్యి పట్టుకుంది. అంతకుముందు ఇద్దర్ని కరిచింది. పొద్దున్నే మా ఆయన దీన్ని పరిగెత్తించి తెచ్చారు కాబట్టి ఇప్పుడు పడుకుంది. సాయంత్రానికి లేస్తుంది. పాక్కుంటూ వెళ్లే పిల్ల దీని కంటికి ఏమని కనిపిస్తుందో నాకు తెలియదు. నేను చెప్పాల్సింది ముందే చెప్పలేదు. తప్పు నాది.”

అమ్మాయి చెయ్యి కుక్క మీద నుంచి మెల్లగా వెనక్కి వచ్చింది. అబ్బాయి మొహం ఎర్రబడింది. “ఇదంతా దాచి మాకు అంటగట్టాలనుకున్నారా?” అన్నాడు.

“అవును బాబూ” అంది ఆమె.

వాళ్లు వెళ్లిపోయాక భర్త చాలాసేపు కుర్చీ జరపకుండా కూర్చున్నాడు. చివరికి, “పొద్దున పరిగెత్తిస్తున్నప్పుడే నాకేదోలా అనిపించింది. పైకి అనలేదంతే” అన్నాడు. ముప్పయ్యేళ్లుగా ఊళ్లోవాళ్ల అబద్ధాలు వాసన చూసి పట్టుకున్న ముక్కు, సొంత ఇంట్లో వండుతున్నదాన్ని పట్టలేకపోయిందని ఆమెకు ఆ రోజు అన్నం దిగలేదు.

మర్నాడు డాక్టరుకు ఫోన్ చేసి, ఎవరికో అంటగట్టడం, ఇంజెక్షన్ కాక మూడో దారి ఏదైనా ఉందా అనడిగింది. ఆయన నసుగుతూ ఒక నంబరు ఇచ్చాడు. సైన్యంలో కుక్కలకు శిక్షణ ఇచ్చి రిటైరైన మనిషట. కూలిన భవనాల కింద చిక్కుకున్నవాళ్లను వాసనతో కనిపెట్టే కుక్కలను తయారుచేస్తాడట. “కానీ మనిషి కాస్త తేడా. ఎవర్నీ నమ్మడు” అన్నాడు.

“అయితే పరవాలేదు” అంది ఆమె.

శిక్షకుడు ఫోన్లోనే నిలేశాడు. “ఎంతమందిని కరిచింది?”

“మా దగ్గర ఒకర్ని. మొత్తం ముగ్గుర్ని.”

“నాకు ఫోన్ చేసే ప్రతివాళ్లూ ఇంతవరకూ ఎవర్నీ కరవలేదనే మొదలుపెడతారు. మీరు ముగ్గురంటున్నారు. అసలు లెక్క పది ఉంటుందా?”

“మీ దగ్గరికి తెచ్చిన కుక్కలు పనికిరాకపోతే ఏం చేస్తారు?” అని ఆమె ఎదురడిగింది. “అమ్ముతారా?”

“మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నాకే అనిపించింది.”

అలా మొదలైంది వాళ్ల పరిచయం. అతని జాగాకు ఆమె చెప్పకుండా వెళ్లింది. విరిగిన సిమెంటు పలకలు, పెద్ద పెద్ద గొట్టాలు కుప్పలు పోసిన మైదానం. పక్కన రేకుల షెడ్డు. ఆమె నీళ్ల తొట్టిలో వేలు ముంచి పాచి ఉందేమో చూసింది. కుక్కల మెడల కింద తాడు ఒరిపిడి వెతికింది. అతను చేతులు కట్టుకుని, “బోను కొలతలు కూడా తీసుకుంటారా?” అన్నాడు. ఆమె సంచిలోంచి టేపు తీసింది.

కుక్కను తీసుకెళ్లిన రోజున అతను ఒక రబ్బరు ముక్క చూపించి, రాళ్ల కుప్పల్లోకి విసిరాడు. నడినెత్తి మీద ఎండ. బుల్లెట్ నలభై నిమిషాలు ఆ కుప్పలన్నీ వెతికింది. పాదాలు గీరుకుని రక్తం వచ్చినా వదల్లేదు. తెచ్చి అతని కాళ్ల దగ్గర పడేసి, మళ్లీ విసరమన్నట్టు చూసింది.

“కుక్క వజ్రమే” అన్నాడు శిక్షకుడు. “కానీ చేతులు మారీ మారీ పాడైంది. మూసిన చోటంటే భయం. మూడు నెలలు చూస్తాను. మాటివ్వను.”

ఒక కాగితం మీద, కుక్క గురించి తెలిసిందంతా చెప్పానని ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. ఇంకో కాగితం మీద, ఈ కుక్కను ఆమెకు చెప్పకుండా ఎవరికీ ఇవ్వనని, అక్కర్లేకపోతే ఆమెకే తిరిగి ఇస్తానని అతని చేత ఆమె సంతకం పెట్టించింది. ఒకరి కాగితం ఒకరు రెండేసిసార్లు చదువుకున్నారు. భర్త మధ్యలో నిలబడి, “పెళ్లి చూపుల్లో కూడా ఇంత విచారణ చూడలేదు” అన్నాడు.

ఇల్లు నిశ్శబ్దమైంది. వీధి ఊపిరి పీల్చుకుంది. ఆమె మాత్రం ప్రతి నిమిషం ఏదో ఒకటి ఊహించుకునేది. ఆ వ్యానువాడికి, ఇతనికి పరిచయముందేమో. పొద్దుపోయాక అమ్మేస్తే ఎవరికి తెలుస్తుంది? రెండు వారాలకొకసారి బస్సెక్కి, ప్రతిసారీ వేరే వేళకు, చెప్పకుండా వెళ్లేది. ఒకసారి గేటుకు తాళం కనిపించింది. ఫోన్ ఎత్తలేదు. మోసం పట్టుకున్నాననుకుంది. మూడు గంటలు గేటు ముందు రాయి మీద కూర్చుంది. చివరికి జీపు వచ్చింది. వెనక బురదలో మునిగి తేలినట్టున్న నాలుగు కుక్కలు, వాటిలో బుల్లెట్ కూడా. “కాలువలో ఈత నేర్పుతున్నాను. ఫోన్ తడవకూడదుగా” అన్నాడతను. ఆమె కుక్కను ముట్టుకుని బురద నిజమో కాదో చూసుకుంది.

రెండో నెల చివర్లో అతనే ఫోన్ చేశాడు. “నిన్న బోనులోకి పంపుతుంటే నా బొటనవేలు కొరికింది. మూడు కుట్లు. తప్పు నాది, తొందరపెట్టాను. మీకు తెలియాలి కదా అని చేశాను.”

“వెనక్కి తీసుకోమంటారా?”

“అడిగానా?”

ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు తీగ చుట్టలేదు. అడక్కుండానే చెడ్డ కబురు తనంతట తాను చెప్పిన మనిషి ఇన్నేళ్లలో తన షాపు గడప తొక్కలేదు. ఆ నెల ఆమె చెప్పకుండా వెళ్లడం మానేసి, చెప్పి వెళ్లింది.

మొదటి పరీక్షలో బుల్లెట్ తప్పింది. గొట్టంలోకి దూరమంటే దూరలేదు. మూడు నెలలన్నది ఆరు నెలలైంది. రెండోసారి నెగ్గింది. ఆ వారం శిక్షకుడు ఇద్దర్నీ రమ్మన్నాడు. మైదానంలో కుక్క వాళ్ల పక్కనుంచే, చెయ్యి చాపితే అందేంత దూరంలో దూసుకుపోయింది. భర్త ఉండబట్టలేక, “రాజా! బుల్లెట్! ఒరే!” అని పిలిచాడు. అది తల తిప్పలేదు. ముక్కు నేలకు ఆనించి, కుప్పల మధ్య దేనికోసమో పోతూనే ఉంది. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి అది ఒక గొట్టం ముందు నిలబడి ఏకధాటిగా మొరిగింది. లోపల దాక్కున్న మనిషి నవ్వుకుంటూ బయటికొచ్చాడు.

“ఆ మనిషి ఎక్కడున్నాడో దానికి ముందే చూపించారా?” అంది వైండింగక్క.

శిక్షకుడు ఆకాశం వైపు చూశాడు. “మీకు నమ్మకం లేకపోతే మీరే వెళ్లి దాక్కోండి.”

భర్త వద్దంటున్నా వినకుండా ఆమె చెప్పులు విప్పి, చీర దోపుకుంది. కుక్కను షెడ్డు వెనక్కి తీసుకెళ్లారు. తనే చోటు వెతుక్కుని, మైదానం ఆ చివర పలకల కింద ఉన్న సన్నటి సందులోకి పాకింది. ఎక్కడున్నదీ ఎవరికీ చెప్పలేదు. శిక్షకుణ్ని కూడా అటు తిరిగి నిలబడమంది. లోపల చీకటి, సిమెంటు దుమ్ము, తన గుండె చప్పుడు. చాలాసేపైంది. కుక్క మర్చిపోయిందనుకుంది. అప్పుడు తల మీద ఎక్కడో గోళ్లు గీరుకున్నాయి. ఊపిరి దగ్గరైంది. సందులోంచి నల్లటి మూతి దూరి ఆమె మోచేతిని ఒక్కసారి వాసన చూసింది. ఆమె కళ్లు మూసుకుంది. వెంటనే చెవులు దిమ్మెక్కేలా మొరుగుడు మొదలైంది. పైన శిక్షకుడు వచ్చి రబ్బరు ముక్క ఇచ్చేదాకా అది ఆగలేదు. ఇవ్వగానే నోట కరుచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తింది.

భర్త చెయ్యి అందించి ఆమెను బయటికి లాగాడు. తల నిండా బూడిదరంగు దుమ్ము.

“గుర్తుపట్టిందా?” అని ఆత్రంగా అడిగాడు.

“లేదండీ. కనిపెట్టింది, అంతే” అంది ఆమె, జుట్టు దులుపుకుంటూ. ఇద్దరూ బస్సు వచ్చే వేళయిందని గేటు వైపు నడిచారు.